ఎడమచేతి ముడి

వీధిలో అందరికీ ఆయన వైరు తాత. యుద్ధంలో ఫోను తీగలు చూసుకున్న సిపాయి. ఒకే ఒక్క రోజు, గుట్ట మీది చౌకీకి వేరే దళం పరిచిన తీగ ఫిరంగి దెబ్బలకు పదకొండుసార్లు తెగిందనీ, పదకొండుసార్లూ తనే పాకుతూ వెళ్లి కలిపాననీ చెప్పేవాడు. కుట్టుపని చేసే కూతురు, కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ కథ వినిపించేది. వినీ వినీ విసిగిపోయినవాళ్లు, "ఇంకా పన్నెండు కాలేదా?" అని ఆటపట్టించేవారు.

అందుకే రెజిమెంటు చరిత్ర రాస్తున్న మేజరు ఇంటికి వస్తున్నాడనగానే ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు.

మేజరు అంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఇబ్బందిపడుతూ సంచిలోంచి ఓ కాగితం తీశాడు.

"ఆనాటి రెజిమెంటు డైరీ నకలు, బాబాయిగారూ. కింది శిబిరంనుంచి గంటగంటకీ చౌకీకి ఫోన్ చేశారు. ప్రతిసారీ జవాబొచ్చింది. 'లైను ఒక్కసారి కూడా తెగలేదు' అని రాసుకున్నారు. దీన్ని కాదని నేనెలా రాయను?"

కూతురు ఇన్నేళ్లూ గొప్పగా చెప్పుకున్నది కట్టుకథే అంటోంది ఆ కాగితం. అధికారికి ఎదురుచెప్పడం తాతకు చేతకాదు.

"మరి ఆ తీగ ఏమైందండీ?" అంది ఆమె పట్టు వదలకుండా.

"మ్యూజియంలో ఉంది. ఆ ఒక్కరోజే వాడి, మర్నాడే చుట్టి తెచ్చేశారు." ఫోనులో ఫొటో చూపించాడు. "అతుకులైతే ఉన్నాయి. పరిచినవాళ్లే వేసుంటారనుకున్నాం."

ఆమె ఫొటోను పెద్దది చేసి చూసింది. సూదీదారంతో ముప్పై ఏళ్లు కాపురం చేసిన కళ్లవి. చటుక్కున లేచి మేజరును పెరట్లోకి తీసుకెళ్లింది.

"ఈ బట్టల తీగ నాన్న అతికిందే. మెలి ఎటు తిరిగిందో చూడండి. ఆయనది ఎడమచేతి వాటం. ఆయన వేసిన ముడి విప్పలేక చిన్నప్పుడు నేను ఏడ్చేదాన్ని!"

మేజరు తీగనీ ఫొటోనీ మార్చి మార్చి చూశాడు. ఫొటోలోని మెలికలన్నీ బట్టల తీగకున్న వైపే. వేలు పెట్టి లెక్కపెట్టాడు. సరిగ్గా పదకొండు. లోపలికొచ్చి తాత ముందు నిలబడ్డాడు.

"డైరీదే తప్పు బాబాయిగారూ. ఆ వాక్యం పుస్తకంలోంచి కొట్టేస్తాను."

"కొట్టెయ్యొద్దు సార్." తాత గొంతు మొదటిసారి లేచింది. "ఫోనుకీ ఫోనుకీ మధ్యలోనే కలిపేసేవాణ్ని. తెగిందన్న సంగతి కిందవాళ్లకి తెలియకూడదనే కదా నేను పాకింది! దాన్ని అలాగే ఉంచండి. కింద నా పేరు రాయండి, చాలు."

పుస్తకం వచ్చింది. ఆ పేజీ ఇప్పుడు కుట్టుమిషను ఎదురుగా గోడ మీద ఉంది: లైను ఒక్కసారి కూడా తెగలేదు. కింద నాన్న పేరు. దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు ఛాతీ ఉప్పొంగుతుంది. ఇక కథ చెప్పదు, చదువుకోమంటుంది. పన్నెండోది ఎక్కడని అడిగినవాళ్లని మాత్రం చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి బట్టల తీగ చూపిస్తుంది.