లేతది, ముదురుది

"రోగి గదిలోకి పచ్చి మాంసం తెస్తావుటే! మతి ఉందా నీకు?"

"నాన్నే తెమ్మన్నాడమ్మా. పొద్దుట్నించి నాలుగుసార్లు ఫోన్ చేశాడు."

"ఆయన అడగ్గానే తెచ్చేయడమేనా? ఆయన చెంచాలు కూడా మరిగించి పెడుతున్నాను నేను!"

"మరిగీ మరిగీ చెంచాలు కూడా నాలాగే చిక్కిపోయాయి" అన్నాడు ఆయన మంచం మీది నుంచి. "ఇటు పట్రా తల్లీ."

తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నలభై ఆరేళ్ళ కాపురంలో భర్త మాంసం కొట్టు వాసనను ఈ గది దాకా రానివ్వలేదు. కొట్టు నుంచి రాగానే స్నానం, ఆ తర్వాతే ఇంట్లో అడుగు.

అసలు గొడవ మాంసం గురించి కాదు. ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఒంట్లోని రక్షణ శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు ఆర్నెల్లు ఎక్కించారు. గడ్డ తగ్గకపోగా పెరిగింది. సోమవారం నుంచి ఇంకా గట్టిది మొదలుపెట్టవచ్చు, ఈ ఒళ్లు తట్టుకోవడం కష్టమే, మీరే ఆలోచించుకోండి అన్నాడు డాక్టరు. ఆయన వద్దన్నాడు. ఆమె పట్టుబట్టింది. బలం వస్తే మందు పనిచేస్తుందని గుడ్లు, పాలు, పళ్లరసం గంటగంటకీ తాగిస్తోంది, తినిపిస్తోంది. కొడుకు తల్లి వైపు. కొట్టు చూసుకుంటున్న కూతురు ఎటూ తేల్చదు.

కూతురు తల్లిని తప్పించుకుని లోపలికి దూరి, పళ్లెం స్టూలు మీద పెట్టింది.

"ఛాతీలో ఏదో గ్రంథి ఉంటుందని డాక్టరు బొమ్మ గీశాడు చూడు, సగం గీసేసరికే పోల్చుకున్నాను. యాభై ఏళ్ళు గొర్రెల్లోంచి దాన్ని ఈ చేతుల్తో తీసినవాణ్ణి, నాకు చెప్పొచ్చాడు!" ఆయన దగ్గుతూ చెయ్యి చాపాడు. "ఇది లేత గొర్రెది."

చారెడు ముద్ద. తెల్లగా, మెత్తగా, నిండుగా ఉంది.

"ఇది ముదురుది."

అంతా పసుపచ్చటి కొవ్వు. మధ్యలో ఎక్కడో దారమంత కండ.

"జబ్బుతో పోరాడే కణాలు ఇందులోనే పని నేర్చుకుంటాయట. వయసు మీదపడేకొద్దీ ఇలా కొవ్వైపోతుంది. ఇక ఉన్న పాతవాటితోనే ఒళ్లు నెట్టుకురావాలి. కొత్త శత్రువు వస్తే పోల్చుకోవడం కష్టం."

"ముసలివాళ్ళలోనూ ఆ మందు పనిచేస్తుందన్నాడుగా డాక్టరు?" అంది భార్య.

"చేస్తుందనేగా ఆర్నెల్లు చూశాం."

"ఇంకాస్త తింటే..."

"ఈ ముసలి గొర్రె తక్కువ తిందంటావా? ఆ కొవ్వు చూడవే."

కూతురు నవ్వబోయి మొహం తిప్పుకుంది.

తల్లి మంచం అంచున కూలబడింది. చాలాసేపు పళ్లెంలోకే చూసింది. తర్వాత ఎవరికీ ఎన్నడూ చెప్పని మాట నోటి నుంచి జారింది.

"ఇన్నేళ్ళూ నేనే మీకు సరిగ్గా పెట్టలేదేమో అనుకున్నానండీ."

"పిచ్చిదానా" అన్నాడు ఆయన. ఆమె చెయ్యి తన గుండెల మీదికి లాక్కున్నాడు. ఎముకలు చేతికి తగిలాయి. "తిండిదేం లేదు. పుట్టి డెబ్బై ఆరేళ్ళయింది, అంతే. ఆ సూదులతో మాత్రం నన్ను పంపకు."

సాయంత్రం కొడుకూ కోడలూ వచ్చారు. అందరూ భోజనాలకి కూర్చున్నాక కొడుకు ఫోన్ తీశాడు. "సోమవారం ఎనిమిదింటికి కారు రమ్మంటున్నానమ్మా."

ఆమె వడ్డిస్తున్న గరిటె ఆపలేదు. గొంతూ పెంచలేదు.

"కారు వద్దురా. నాన్న వెళ్ళడం లేదు. నొప్పి తగ్గే మందులు రాసిమ్మని అడుగు. ఇక ఆయన ఇంట్లోనే ఉంటారు."