నోటి మాట చెల్లదు

కాటాబాబు అసలు పేరేమిటో ఇంట్లోవాళ్ళు కూడా ఒక క్షణం ఆలోచించుకుని చెప్పాల్సిందే. ఊరి చివర లారీలు తూచే కాటా గదిలో పదకొండేళ్ళుగా కూర్చున్న మనిషికి వేరే పేరుతో పనేముంది? "ఎప్పుడూ వేసే లోడే సార్, పన్నెండు టన్నులు రాసెయ్యండి" అని డ్రైవర్లు ఎంత బతిమాలినా, కిటికీలోంచి వేలు చూపించి, "నోటి మాట చెల్లదు. కాటా ఎక్కించు" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆ మొహంలో కళ చూడాలి! ప్రపంచంలో నిజమంతా తన గది ముందున్న ఇనప పలకమీదే నిలబడి ఉన్నట్టు ఉండేది.

అంతటివాడు తన బరువు దగ్గర అబద్ధమాడాడు. కిలో అరకిలో కాదు, పదిహేడు కిలోలు!

కొండమీదనుంచి రాళ్ళమీదా చెట్ల వేళ్ళమీదా సైకిలు దూకిస్తూ కిందికి రావడం అతని సరదా. పెళ్ళికి ముందు మొదలైంది, పెళ్ళయ్యాకా వదల్లేదు. అలాంటి సైకిలుకు ప్రాణమంతా ముందు ఫోర్కులో ఉంటుంది. ఆ రెండు లావుపాటి కాళ్ళలో ఉన్న గాలీ ఆయిలూ దెబ్బను మింగితే మనిషి బతికిపోతాడు, మింగకపోతే మనిషే మింగాలి. ఆ ఫోర్కు విప్పడం, కడగడం, బిగించడం అంతా చెల్లెలి పని. ఆమె అన్నావదినలతోనే ఉంటూ, బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్లు బాగుచేస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా చేత్తో తడిమి చెప్పగలదు. ఆమెకు సైకిలు తొక్కడం నేర్పింది అన్నే. అన్న మాటంటే ఆమెకు రాతిమీద గీత.

ఆ శనివారం మధ్యాహ్నం బాల్కనీలో పాత దుప్పటి పరిచి, ఫోర్కు కింది కాళ్ళు ఊడదీసి, నల్లబడ్డ ఆయిలు గిన్నెలోకి వంచింది. ఆయిలు కారకుండా ఆపే సీళ్ళు తుడిచి గ్రీజు రాసింది. లోపలి స్పాంజి రింగుల్ని కొత్త ఆయిల్లో నానబెట్టి, సిరంజితో కొలిచి ఆయిలు పోసి, అన్నీ బిగించింది. ఆఖర్న చిన్న పంపు తగిలించి, నోట్‌బుక్కు తెరిచి అడిగింది.

"అన్నయ్యా, ఇప్పుడు నీ బరువెంత?"

సరిగ్గా అప్పుడే గోడకు ఆనుకుని అతని సైకిలు క్లబ్బువాళ్ళు ఇద్దరు నించుని ఉన్నారు. ఇద్దరికీ పొట్టనేది లేదు, వీపుకే చొక్కా తొడిగినట్టుంటారు. కాటాబాబు కడుపు లోపలికి పీల్చాడు.

"డెబ్బైరెండు."

అబద్ధమనడానికి కూడా లేదు. ఇరవైనాలుగేళ్ళ వయసులో నిజంగానే డెబ్బైరెండు.

చెల్లెలు రాసుకుంది. "హెల్మెటూ బూట్లూ అన్నీ వేసుకుని ఒక్కసారి ఎక్కి నించో. ఎంత కుంగుతుందో చూసి గాలి సరిచేస్తా."

ఫోర్కు కాలికి ఒక రబ్బరు రింగు ఉంటుంది. మనిషి ఎక్కగానే ఫోర్కు ఎంత కుంగితే ఆ రింగు అంత పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది. అబద్ధం చెప్పడం దానికి చేతకాదు. ఆ సంగతి కాటాబాబుకు తెలుసు.

"ఫోర్కుమీద ఏ బరువుకెంత గాలో పట్టిక అంటించే ఉందిగా అమ్మడూ! డెబ్బైరెండుకు ఎంతుంటే అంత కొట్టెయ్. నాకు అవతల పనుంది."

ఏ పనీ లేదు. లోపలికి వెళ్ళి ఫ్యాను కింద కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న క్లబ్బువాళ్ళతో కొండెక్కాడు. సగం దిగాక మనిషెత్తు గట్టుంది. అందరూ దాన్ని దూకుతారు. కాటాబాబూ దూకాడు. చక్రం నేలను తాకగానే ఫోర్కు పూర్తిగా లోపలికి దిగబడిపోయి 'ధణ్' మని ఇనుము ఇనుముకు కొట్టుకుంది. ఆపైన అతను హ్యాండిలు మీదుగా ఎగిరి ముందుపడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది.

క్లబ్బు కోచ్ పెద్దమనిషి. పరిగెత్తుకొచ్చి ముందు మనిషిని చూశాడు, తర్వాత ఫోర్కును చూశాడు. రబ్బరు రింగు కాలి చివరికంటా వెళ్ళి ఇరుక్కుని ఉంది.

"దీన్ని ఎవరు బిగించారు?"

"మా చెల్లెలు," అన్నాడు కాటాబాబు.

అంతే అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాడు కూడా అంతకంటే ఎక్కువే మాట్లాడి ఉంటాడు. కానీ ఆ రెండు మాటలూ చాలు. నెల తిరక్కుండా పెద్ద పోటీ ఉంది. క్లబ్బు తరఫున వెళ్ళే ఆరుగురి ఫోర్కులూ ఈసారి నీ చేతిమీదేనని కోచ్ ఆ పిల్లకు మాటిచ్చి ఉన్నాడు. రెండేళ్ళుగా ఆమె ఎదురుచూసిన మాట అది. ఆ సాయంత్రం ఫోన్ చేసి, కోప్పడకుండానే చెప్పాడు. "ఇంట్లో విప్పిన ఫోర్కులు పోటీకి వద్దులేమ్మా. షాపుకిద్దాం. క్లబ్బు షెడ్డులో నీ సామాన్లున్నాయి కదా, ఆదివారం వచ్చి తీసుకెళ్ళు."

ఆమె "సరే సార్" అంది. ఫోన్ పెట్టేసి తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి ఫోర్కు విప్పడం మొదలుపెట్టింది.

సోమవారం సీళ్ళు ఊడదీసి దీపం కింద తిప్పి తిప్పి చూసింది. మంగళవారం సబ్బునీళ్ళు రాసి ఎక్కడన్నా బుడగ లేస్తుందేమోనని గంటసేపు కూర్చుంది. బుధవారం ఆయిలంతా వంచి మళ్ళీ కొలిచింది. చేతికి కట్టుతో కుర్చీలో కూర్చుని కాటాబాబు అంతా చూస్తూనే ఉన్నాడు. తేలు కుట్టిన దొంగకు నోరెలా లేస్తుంది?

"గాలి తగ్గలేదు. ఆయిలు కారలేదు. సీలు చిరగలేదు. మరి నేనెక్కడ తప్పు చేశానన్నయ్యా?"

"పోనీలే అమ్మడూ. ఒక్కోసారి అంతే," అన్నాడు. ఆ మాట అన్నందుకు తన నోటిమీద తనే కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు.

వంటింట్లో భార్య గొంతు తగ్గించి అడిగింది. "ఏమండీ, ఆ పిల్ల నోట్‌బుక్కులో డెబ్బైరెండని ఉంది. ఎవరి బరువది?"

కాటాబాబు మంచినీళ్ళు తాగాడు.

"మీ ప్యాంట్లు రెండంగుళాలు వదులు చేసిందాన్ని నేను. ఆస్పత్రిలో నర్సు ఎనభైతొమ్మిదని రాస్తుంటే పక్కన నించున్నదాన్నీ నేనే. నేను చెప్పను. చెప్పాల్సింది మీరు."

గురువారం కాటా దగ్గరికి ఇటుకల లారీ వచ్చింది. "పది టన్నులు సార్, రాసుకోండి" అన్నాడు డ్రైవరు. కాటాబాబు నోరు తెరిచాడు. పదకొండేళ్ళుగా అలవాటైన మాట రాలేదు. వేలు మాత్రం చూపించాడు. డ్రైవరు వింతగా చూసి బండి ఎక్కించాడు.

ఆ సాయంత్రం చెల్లెలు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. "ఇవాళ ఫ్యాక్టరీలో ఒక్క సూది బిగించడానికి మూడుసార్లు విప్పి చూసుకున్నాను వదినా. నా చేతుల మీద నాకే నమ్మకం పోతోంది."

అప్పుడే చెప్పాల్సింది. కాటాబాబు లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఛీ, ఏం మనిషి!

ఆదివారం కొండ కింద షెడ్డులో అందరూ ఉన్నారు. చెల్లెలు తన స్పానర్లు సర్దుకుని, పెట్టె చేత్తో పట్టుకుని, కోచ్ ముందు నించుంది.

"తప్పు నాదే సార్. అన్నయ్యను ఎక్కించి చూడకుండా పట్టిక చూసి గాలి కొట్టేశాను. ఇంకా ఏదో చేసే ఉంటాను, అది మాత్రం దొరకలేదు. క్షమించండి."

ఆ మాటలన్నీ పూర్తయ్యేదాకా కాటాబాబు నోరు విప్పలేదు. తర్వాత ఎన్నాళ్ళకూ అతన్ని నిద్రలో కూడా పొడిచింది అదే. అబద్ధమాడినందుకు కాదు, చేయని తప్పుకు ఆమె పెట్టె పట్టుకుని నించుని క్షమాపణ చెబుతుంటే చివరిదాకా విన్నందుకు.

"దానిది కాదు సార్," అన్నాడు. "నేను డెబ్బైరెండని చెప్పాను. నా బరువు ఎనభైతొమ్మిది. ఎక్కి చూపించమంటే తప్పించుకున్నాను. ఫోర్కు బంగారంలా ఉంది. చెడింది నా బుద్ధి."

అంతే, షెడ్డంతా మొదలైంది నవ్వు! "కాటాబాబే కాటాకు దొరికాడ్రా!" అని ఒకడు, "ఓవర్ లోడు కేసు రాయండి సార్" అని ఇంకొకడు. కోచ్ కూడా నవ్వాపుకోలేక, "పెట్టె కింద పెట్టమ్మా, పోటీకి నువ్వే" అన్నాడు. తిడతారనుకున్నాడు కాటాబాబు. తిట్టినా బాగుండేది. పదిహేడు కిలోలకు వాళ్ళు నవ్వుతున్నారు, ఆ వారం రోజులకు నవ్వేదెవరు?

చెల్లెలు నవ్వలేదు. పెట్టె కింద పెట్టి, స్పానర్లు ఒక్కొక్కటే మళ్ళీ గోడకు తగిలించింది. ఇంటికి వెళ్తున్నప్పుడు దారిలో ఒకే ఒక్క మాట అంది.

"వారమంతా నా చేతుల్ని అనుమానించాను. నీ మాటని ఒక్కసారి కూడా అనుమానించలేదన్నయ్యా."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. మణికట్టు ఆరువారాల్లో అతుక్కుంది. ఈలోగా పోటీ జరిగింది. ఆరు ఫోర్కుల్లో ఒక్కటీ 'ధణ్' మనలేదు. కోచ్ అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు. ఇంట్లో మాటలు మామూలుగానే సాగాయి. ఆమె అన్నకు కూర వడ్డించింది, జోకులకు నవ్వింది. తప్పంతా కొట్టుకుపోయిందని కాటాబాబు మెల్లగా నమ్మడం మొదలుపెట్టాడు.

కట్టు విప్పిన శనివారం బాల్కనీలో మళ్ళీ దుప్పటి పడింది. కాళ్ళు ఊడదీసి, కడిగి, ఆయిలు పోసి, బిగించింది. పంపు తగిలించి నోట్‌బుక్కు తెరిచింది. పాత పేజీలో డెబ్బైరెండును కొట్టెయ్యకుండా అలాగే ఉంచింది. అడగకముందే కాటాబాబు హెల్మెటూ బూట్లూ మోకాలి తొడుగులూ వేసుకుని సిద్ధంగా నించున్నాడు.

"వీటితో కలిపి తొంభైమూడు అమ్మడూ. ఇందాకే చూసుకున్నా. ఈసారి నిజం."

చెల్లెలు తలెత్తలేదు. గోడవారగా ఒక కొత్త బరువు మిషను ఉంది. పోటీకి వెళ్ళేముందు కొనుక్కుంది. దాన్ని కాలితో అతని ముందుకు తోసింది.

"నోటి మాట చెల్లదన్నయ్యా. కాటా ఎక్కు."

ఎగతాళిగా అనలేదు. అలా అని ఉంటే అతనూ నవ్వేసేవాడు. రోజూ అందరితో అనే మాటలా మామూలుగా అంది. కాటాబాబు ఎక్కాడు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి తొంభైమూడు దగ్గర ఆగాయి. చెల్లెలు వంగి, కళ్ళారా చూసుకుని, అప్పుడు రాసుకుంది.