పడవ నవల మూడో భాగం

అప్పలసూరి పోయిన పదోరోజున, ఇంకా బంధువుల చెప్పులు గుమ్మం ముందు ఉండగానే, తెలుగు సంఘం గ్రంథాలయం కార్యదర్శి హరిప్రసాద్ ఆ ఉత్తరాది ఉక్కు పట్టణంలో సోనారి పేటలోని ఆ ఇంటికి వచ్చాడు. పరామర్శకే వచ్చాడనుకుని సన్యాసమ్మ పీట వేయించింది. ఆయన కూర్చోలేదు. గూట్లో సూరి కళ్లజోడు పక్కనున్న లావుపాటి పుస్తకం వైపు చేయి చాపాడు.

"అది మా గ్రంథాలయం పుస్తకమమ్మా. కార్డు ఆయన పేరున ఉంది. మనిషే లేనప్పుడు ఇంక కార్డేమిటి? ఇలా ఇచ్చెయ్."

అది మూడు భాగాల నవలలో రెండో భాగం. సూరి కాంట్రాక్టు పనిలో వెల్డరు. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, భార్య కూర తరుగుతుంటే పక్కన కూర్చుని పైకి చదివేవాడు. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు. ఆమెకు అక్షరం రాదు గానీ, విన్నది ఒక్క ముక్క మర్చిపోయేది కాదు. ఈ నవల రేవులో పడవ నడుపుకుని బతికే వరహాలమ్మ కథ. ఎవరో ఆమె పడవకు నిప్పు పెట్టారు. ఎవరన్నది ఇంకా తేలలేదు. మరిదే పెట్టాడంది సన్యాసమ్మ. కాదు, కరణమే అన్నాడు సూరి. పందెం వేసుకున్నారు. పందెం తేలకముందే ఆయన గుండె ఆగిపోయింది. చదవడం ఆపిన చోట అగ్గిపుల్ల పెట్టి ఉంది.

"నాల్రోజులు ఉంచండి బాబూ. ఎవులి సేతైనా సదివించుకుని నానే తెచ్చి ఇత్తాను," అంది సన్యాసమ్మ.

హరిప్రసాద్ నవ్వాడు. "నీకు సదువా, సంతకమా? ఏం చేసుకుంటావ్ పుస్తకం? దండేసి దీపం పెట్టుకుంటావా?"

వరండాలో కూర్చున్న మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. చావింట్లో నవ్వినందుకు వెంటనే తలలు దించుకున్నారు గానీ, నవ్వడమైతే నవ్వారు. ఆయన పుస్తకం తెరిచి, అగ్గిపుల్ల తీసి నేల మీద పారేసి, పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, ఎప్పుడూ వెంట ఉండే గొడుగు ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

సన్యాసమ్మ అగ్గిపుల్ల ఏరి కొంగున ముడి వేసుకుంది. ఏడవడానికి ఆ రోజు ఆమెకు బోలెడు కారణాలున్నాయి. కోపానికి మాత్రం ఒక్కటే దొరికింది. దాన్ని ఆమె చల్లారనివ్వలేదు.

ఆదివారాలు గుడి హాల్లో సంఘం వాళ్లు పిల్లలకు తెలుగు నేర్పిస్తారు. బడిలో హిందీ, వీధిలో హిందీ. ఇంట్లో అమ్మ తెలుగులో పిలిస్తే హిందీలో పలికే పిల్లలు. వాళ్ల మధ్య చాప మీద పలక పట్టుకుని కూర్చుంది సన్యాసమ్మ. పక్కింటి ధనమ్మ మనవరాలు సింధు నోరు తెరిచి చూసింది.

"దాదీ, ఆప్ భీ?"

"ఏటే? నాను నేర్సుకుంటే నీ పలకేటి అరిగిపోద్దా?"

సుధారాణి టీచరు నవ్వకుండా చేయి పట్టి దిద్దించింది. తోటి పిల్లలు తరగతులు మారారు. వర్షాలు వచ్చి వెళ్లాయి. సన్యాసమ్మ దుకాణం బోర్డులు కూడబలుక్కుంది, ఆ తర్వాత శుభలేఖలు, ఆ తర్వాత పిల్లల కథలు. వేలు కింద పెట్టుకుని, అక్షరం వెంట అక్షరం, ఎత్తుగడ్డ ఎక్కుతున్న రిక్షాలా చదివేది. అయినా చదివేది.

చదవడం వచ్చాక ఉతికిన చీర కట్టుకుని అగ్రికోలోని గ్రంథాలయానికి వెళ్లి, తన పేరున కార్డు కావాలంది.

"కార్డు ఇంటి యజమాని పేరునే ఇస్తాం. మీ ఇంట్లో మగాడెవడున్నాడు?" అన్నాడు హరిప్రసాద్ తల ఎత్తకుండా.

"నాను సదవగలను బాబూ."

"సంతోషం. వెళ్లి పిల్లలకి చదివి పెట్టు."

ఆ కోపంతోనే ఆటో ఎక్కి సాక్చిలో దిగింది. అక్కడ ఫుట్‌పాత్ మీద మహతో అనే అతను పాత పుస్తకాలు పోసుకుని అమ్ముతాడు. కుప్పలో గుండ్రటి అక్షరాల లావు పుస్తకం ఒకటి కనిపించగానే, బేరమాడి కొనేసింది. నీ కార్డు ఎవడికి కావాల అనుకుంటూ దాన్ని గుండెకు ఆనించుకుని ఇంటికొచ్చింది. తెరిచి చూస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు. 'ర' లాంటిది 'ర' కాదు, 'ఠ' లాంటిది 'ఠ' కాదు. నేర్చుకున్నదంతా పోయిందనుకుని హడలిపోయింది. ఆదివారం దాకా అన్నం సహించలేదు.

సుధారాణి చూసి పకపకా నవ్వింది. "మీ చదువు ఎక్కడికీ పోలేదు సన్యాసమ్మగారూ. ఇది ఒడియా పుస్తకం!"

మార్చుకుందామని మళ్లీ సాక్చి వెళ్లింది. మహతో తల గోక్కున్నాడు. "మాతాజీ, ముఝే క్యా పతా? గోల్-గోల్ సబ్ ఇధర్ డాల్ దేతా హూఁ." అతనికి గుండ్రంగా ఉన్నదల్లా ఒడియానే. తెలుగువాళ్లు ఖాళీ చేసి వెళ్లిన క్వార్టర్ల నుంచి వచ్చిన పుస్తకాలన్నీ ఆ ఒడియా కుప్పలోనే పడున్నాయి. తెలుగు పుస్తకాలున్నాయా అని ఎవరడిగినా లేవంటాడు. గొడుగు బాబు ఒకాయన ఎన్నో ఏళ్లుగా వచ్చి అడుగుతున్నాడట, నిలబడే అడిగి నిలబడే వెళ్లిపోతాడట.

ఆ గొడుగు ఎవరిదో సన్యాసమ్మకు తెలుసు. గ్రంథాలయంలో పడవ నవల మూడో భాగం ఎప్పుడో పోయింది. విశాఖపట్నం వెళ్లేవాళ్లందరినీ హరిప్రసాద్ దాని కోసం బతిమాలతాడన్నది సంఘంలో అందరూ చెప్పుకునే ముచ్చటే. పడవకు నిప్పు పెట్టిందెవరో ఆయనకూ తెలియదు.

ఆమె కొంగు దోపి కుప్ప ముందు చతికిలబడింది. దుమ్ముకు దగ్గొచ్చింది. ఒక్కో పుస్తకం తీసి, ఇది మనదా, వాళ్లదా అని చూస్తూ అడుగుదాకా వెళ్లింది. అట్ట చిరిగిన పుస్తకం ఒకటి తెరిచింది. మొదటి వాక్యంలోనే వరహాలమ్మ ఉంది.

వారాల తరబడి కూర్చుని చివరిదాకా చదివింది. ఆ తర్వాత ధనమ్మను పిలిచి, పడవ నవల మూడో భాగం తన దగ్గరుందని చెప్పింది. ధనమ్మకు చెప్పడమంటే మైకులో చెప్పడమే.

మర్నాడు పొద్దున్నే హరిప్రసాద్ వచ్చాడు.

"ఏమ్మా, బాగున్నావా? ఆ పుస్తకం ఒక్క రెండు రోజులు ఇయ్యి. భద్రంగా తెచ్చిస్తాను."

"నా పుస్తకం ఇల్లు దాటదు బాబూ. కావాలంటే కూకోండి. నాను సదువుతాను."

ఆయన మొహం ఎర్రబడింది. గుమ్మం దాటి గేటుదాకా వెళ్లాడు. గొడుగు తెరిచాడు, మూశాడు, వెనక్కొచ్చాడు. పదోరోజున తాను కూర్చోనన్న పీట మీదే కూర్చున్నాడు.

సన్యాసమ్మ వేలు పెట్టి మొదలుపెట్టింది. "వ... ర... హా... వరహాలమ్మ... కా... కాలి... కాలిన..."

"ఇలా ఇయ్యమ్మా, నేను గబగబా చదివేస్తాను."

"గబగబా సదివేత్తే వరహాలమ్మ మీకోసం పరిగెడద్దా బాబూ? ఉండండి, పప్పు సూసి వత్తన్నా."

రోజూ సాయంత్రం అదే వరస. చుట్టుపక్కల ఆడవాళ్లు చేట పట్టుకుని ఒకరు, పిల్లనెత్తుకుని ఒకరు వరండాలో చేరారు. "కూసింత జరగండి బాబుగారూ, మాకు ఇనపడతం లేదు," అని ధనమ్మ ఆయన్ని గోడ దగ్గరకు తోసేది. నలుగురికీ కార్డు లేదనే మనిషి, పీట మీద మోకాళ్లు మడుచుకుని, ఒక ముసలామె నోటి నుంచి మాట ఎప్పుడు ఊడిపడుతుందా అని కాచుకుని కూర్చునేవాడు. ఒకరోజు తట్టుకోలేక ఆయనే మాట అందించాడు. సన్యాసమ్మ ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి చదివింది.

కథ ముదురుతుండగా ఆయన అడక్కుండానే కార్డు తెచ్చాడు. దాని మీద సన్యాసమ్మ పేరు రాసి ఉంది. దాంతో పాటు రెండో భాగం కూడా. "నియమం మార్చాంలేమ్మా. ఇది నువ్వే ముందు చదువుకో," అన్నాడు. ఆమె రెండు చేతులా అందుకుంది, దండం పెట్టింది. ఇక అంతా సర్దుకుందని ఆయన నిమ్మళంగా వెనక్కి వాలాడు. సూరి ఆగిన చోటు నుంచి ఆమె ఒక్కతే చదువుకుంది. అది ఎవరికీ వినిపించలేదు.

చివరి అధ్యాయం నాటికి వరండా నిండిపోయింది. రేవులో జనం పోగయ్యారు. వరహాలమ్మ లాంతరు పైకెత్తింది. మసి అంటిన చేయి ఒకటి చీకట్లోంచి వెలుగులోకి వచ్చింది. "ఆ సె... చేయి... ఎవరిదంటే..."

సన్యాసమ్మ వేలు ఆగింది. కొంగు ముడి విప్పి అగ్గిపుల్ల తీసింది.

"చదువమ్మా!" హరిప్రసాద్ పీట మీద నుంచి లేచిపోయాడు.

"మీకు కార్డుందా బాబూ? మా ఇంటి కార్డు?"

"ఏం కార్డు? నీకు నేను ఇచ్చాను కదా!"

"మీరు ఇచ్చారు. నాను ఇయ్యను." పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. "నాకాడ సగంలో లాగేసుకున్నారు. పదోరోజున. ఈ వరండాలోనే. సగంలో ఆగిపోతే ఎలాగుంటాదో మీరూ సూడాల."

ఆయన అందరి వైపూ చూశాడు. ఎవరూ కలగజేసుకోలేదు. ఒక చేట ఆగింది, అంతే. సన్యాసమ్మ ఆయన అరచేతిలో అగ్గిపుల్ల పెట్టింది. "ఇది మీరు పారేసిందే. గుర్తుకి ఉంచుకోండి."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, పుస్తకం తెరిచి, ఆడవాళ్లందరికీ చివరిదాకా చదివింది. ఎవరూ బయట అనకూడదని ఒట్టు వేయించింది.

ఒట్టు ఎవరూ తప్పలేదు. హరిప్రసాద్ దారిలో ఆపి అడిగితే, మరిదేనని ధనమ్మ చెప్పింది. కరణమని సింధు తల్లి చెప్పింది. వరహాలమ్మే తగలబెట్టుకుందని మరొకామె కళ్లొత్తుకుంటూ చెప్పింది. పడవే లేదు బాబూ, అంతా కలేనంది కూరగాయలమ్మే ఆవిడ. గ్రంథాలయంలో సన్యాసమ్మ పుస్తకం మార్చుకునేటప్పుడల్లా ముద్ర వేస్తూ ఆయన ఆమె మొహంలోకి చూస్తాడు. ఆమె కార్డు తీసుకుని వచ్చేస్తుంది.

మొన్న ఆటోలో సాక్చి మీదుగా వెళ్తుంటే మహతో దుకాణం ముందు గొడుగు ఒకటి నేల మీద పడి కనిపించింది. హరిప్రసాద్ తెల్లచొక్కాతో గుండ్రటి అక్షరాల కుప్ప ముందు చతికిలబడి, దగ్గుతూ, ఒక్కో పుస్తకం తీసి అవతల పెడుతున్నాడు. ఇంకో ప్రతి దొరుకుతుందేమోనని.

ఆటోవాడు పక్కకు ఆపనా అన్నట్టు చూశాడు. "ఏటి సూత్తావు? చలో," అంది సన్యాసమ్మ.