అయిదో సంతకం

వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పని నుంచి వెర్నెటా ఓక్స్ నేరుగా స్కూలు లైబ్రరీకి వచ్చేసరికి నాలుగైంది. చేతులకింకా బ్లీచింగ్ వాసన కొడుతోంది. పైకప్పు కారి, పుస్తకాల బీరువాలకు ప్లాస్టిక్ పట్టాలు కప్పారు. వాటి పక్కనే బల్ల వేసి, రాష్ట్ర ప్రభుత్వం పంపిన పర్యవేక్షకుడు థోర్సన్ కూర్చున్నాడు.

ఉక్కు ఫ్యాక్టరీ మూతపడ్డాక డన్‌హేవెన్ ఊళ్ళో ఇంటిపన్నులు రాలడం లేదు. స్కూళ్ళు ఎక్కువగా నడిచేది ఆ పన్నుల మీదే. జీతాలకు కూడా దిక్కులేని స్కూళ్ళు సొంతంగా అప్పు చేయకూడదు. రాష్ట్రం ఇప్పించిన అప్పే తీసుకోవాలి, అది పెట్టిన షరతులే ఒప్పుకోవాలి. చట్టం అది. ఊరు ఎన్నుకున్న అయిదుగురు స్కూలు బోర్డు సభ్యుల్లో వెర్నెటా ఒకతె. ఆ పనికి జీతం లేదు.

"నలుగురూ సంతకం పెట్టేశారండీ, మీదొక్కటే" అని థోర్సన్ కాగితాలు ముందుకు జరిపాడు. "అయిదింటికల్లా రాజధానికి పంపాలి."

ఆమె మొదటి పేజీ నుంచి చదవసాగింది. అతను పిప్పరమెంటు నోట్లో వేసుకుని గడియారం చూసుకున్నాడు.

అరవై లక్షల డాలర్ల అప్పు, ఇరవై ఏళ్ళు. రాష్ట్రం ఏటా స్కూళ్ళకిచ్చే సొమ్ములో ముందు వాయిదా కోసుకుని మిగిలింది పంపుతుంది. థోర్సన్ జీతం ఏడాదికి లక్షా ఎనభై వేలు, ఆ అప్పులోంచే. సలహాదారులకు నాలుగు లక్షలు. పైకప్పుకు పైసా లేదు. పదకొండో పేజీలో వంటగది మూసివేత. గంటకు పదమూడున్నర డాలర్లకు వండే పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఇంటికి పోవాలి. అందులో ఆమె చెల్లెలు కోరిన్ ఒకతె.

"పిల్లలకేం పెడతారు మరి?"

"బయటి కంపెనీ వాళ్ళు డబ్బాలు పంపుతారు. చల్లటి శాండ్‌విచ్, ఆపిల్ ముక్కలు. పోషకాలన్నీ లెక్క ప్రకారమే."

"మీ పిల్లలు తింటారా అవి?"

"మావాళ్ళు ఈ ఊళ్ళో చదవరుగా!" అని నవ్వాడు థోర్సన్.



బల్ల చివర కూర్చున్న బోర్డు అధ్యక్షుడు లైల్ డోంబెక్ తల దించుకునే అన్నాడు: "పెట్టెయ్ వెర్నెటా. నేనేమన్నా సంబరపడి పెట్టాననుకున్నావా? శుక్రవారం జీతాలివ్వాలి."

"నేను పెట్టకపోతే జీతాలు ఆగిపోతాయా?" ఆమె థోర్సన్‌ని అడిగింది.

"ఆగవు. అయిదుగురిలో ఒక్కరు ఒప్పుకోకపోయినా మీ బోర్డును పక్కనపెట్టి నేనే సంతకం చేస్తాను. చట్టంలో ఆ వీలుంది."

"అయితే నా సంతకం దేనికి?"

"ఊరంతా ఇష్టపడే ఒప్పుకుందని ఉంటే... చూడ్డానికి బావుంటుంది కదండీ."

ఆమె కలం తీసింది. తన పేరు కింద ఖాళీలో "ఒప్పుకోను" అని పెద్ద అక్షరాలతో రాసింది.

"ఏం చేశావమ్మా!" లైల్ లేచి నిలబడ్డాడు. "ఉన్న ఆ కాస్త మాటా పోయింది మనకి!"

"ఏనాడుంది లైల్, పోవడానికి?"

ఆమె కిందికి దిగేసరికి వంటగదిలో పద్నాలుగు మందీ ఇళ్ళకు పోకుండా నిలబడి ఉన్నారు.

"పెట్టావా అక్కా?" అంది కోరిన్.

"లేదు."

"అయితే మా పని ఉన్నట్టేనా?"

వెర్నెటా తల అడ్డంగా ఊపింది. కోరిన్ ఒక్క క్షణం అక్క మొహంలోకి చూసి, పెద్ద గిన్నె దించి, రేపటి సూపుకు చిక్కుడు గింజలు నానబోసింది.