పల్లిపొట్టు బొగ్గు

మా చీరల అద్దకం షెడ్డు పక్కన మొన్నమొన్నటిదాకా కందిచేనే ఉండేది. హైదరాబాదు పెరుగుతూ పెరుగుతూ ఇబ్రహీంపట్నం దాకా వచ్చింది. చేను ప్లాట్లయింది, ప్లాట్లు మేడలయ్యాయి, ఆ మేడలవాళ్ళు కిటికీలోంచి చూసి కాలువలో ఎర్రనీళ్ళు పోతున్నాయని నా మీద కంప్లయింట్ ఇచ్చారు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా! నీళ్ళు తేటగా పోకపోతే షెడ్డుకు తాళమేస్తానని పొల్యూషన్ ఆఫీసరు చెప్పి వెళ్ళాడు. అద్దకం తప్ప ఇంకో పని ఈ చేతులకు రాదు.

శేరిగూడలో ఇంజినీరింగ్ చదివే నా బిడ్డ భవాని పల్లిపొట్టు మూటలు దింపించింది. మూత పెట్టిన డ్రమ్ములో కాల్చి, దంచి, జల్లెడ పట్టింది.

"ఈ బొగ్గు రంగును పట్టుకుంటది బాపూ."

"ఇంటినిండ మసి పట్టిచ్చినవ్, గదొక్కటే పట్టింది! ఇంజినీరువైతవనుకుంటే బొగ్గుల పనికి దిగినవా?"

కానీ బొగ్గు మీద ఎర్రనీళ్ళు పోస్తే కింద తేటనీళ్ళు కారాయి. ఇంకో బిందె నేనే తెచ్చి పోశాను. రంగు పట్టిన బొగ్గును భవాని చేటలో పోసి డాబా మీద ఆరబెట్టింది.

తెల్లారి ఆ ఆఫీసరు రమాకాంత్ మళ్ళీ వచ్చాడు. బెజవాడ మనిషి, బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మాట మెత్తన, సంచిలో తాళం మాత్రం గట్టిది. గ్లాసులో నీళ్ళు చూసి తలూపాడు.

"బాగుందమ్మా. మరి రంగంతా ఆ బొగ్గులోనే ఉందిగా? రేపు దాన్ని పారబోస్తారు, వాన పడుతుంది. రంగు మళ్ళీ కాలువలోకి రాదని నమ్మకమేంటండీ?"

"ల్యాబ్‌కు పంపిన సార్. రిపోర్టు వచ్చేవారం వస్తది."

"అయితే అప్పటిదాకా మూసెయ్యాలండి," అంటూ సంచిలో చెయ్యి పెట్టాడు. తాళం బయటికి తీశాడు.

అప్పుడే మా అమ్మ సీతాబాయి డాబా మెట్లు దిగింది. నోరంతా నలుపు, వేలు ఇంకా పళ్ళ మీదే ఉంది. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె బొగ్గులో ఉప్పు కలుపుకునే పళ్ళు తోముతుంది.

"భవానీ, చేటల బొగ్గు మస్తు మెత్తగున్నదే. రేపటికి జర దాసిపెట్టు."

"నానమ్మా, గది రంగు తాగిన బొగ్గు! ఉమ్ము!"

"అవ్వా, పాణం తీస్తివి గదనే!" అని చెంబుతో ఉరికాను.

అమ్మ పుక్కిలించి గచ్చు మీద ఉమ్మింది. ఆఫీసరుతో సహా అందరం వంగి చూశాం. నల్లనీళ్ళు. మళ్ళీ పుక్కిలిస్తే తేటనీళ్ళు. ఎరుపు చుక్కయినా లేదు.

"ఏదీ, నోరు తెరవండి మామ్మగారూ."

తెరిచింది. ఉన్న నాలుగు పళ్ళూ జొన్నపేలాల్లా తెల్లగా ఉన్నాయి.

"గట్ల సూస్తవేంది సారూ? నువ్వు గూడ తోముకో, నీ పండ్లు పచ్చగున్నయ్."

ఆఫీసరు చప్పున నోరు మూసుకున్నాడు, తర్వాత ఆపుకోలేక నవ్వాడు. "రిపోర్టు వచ్చేదాకా ఆగుతానండి. ముందు ఈవిడను డాక్టరుకు చూపించండి," అని తాళం సంచిలో వేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. బిడ్డ తల నిమిరాను, నా చేతికి మళ్ళీ మసే అంటింది.

దవాఖానలో అమ్మకు ఏమీ కాలేదన్నారు. తర్వాత వచ్చిన రిపోర్టు కూడా ఆమె పళ్ళు చెప్పిన మాటే చెప్పింది. ఈలోపు వాడకట్టు ముసలమ్మలంతా డబ్బాలు పట్టుకుని మా గుమ్మంలో చేరారు. అమ్మేమో వాళ్ళ ముందు నిలబడి కొత్త బొగ్గు పంచుతోంది. తిట్టినా కదలరే! చివరికి నేనే బజారుకు పోయి ఒక తాళం కొనుక్కొచ్చి, బొగ్గు డ్రమ్ముకు వేశాను.