‘నాకెందుకయ్యా’ ఫుర్బు

మిషను పాదం కింద ఎర్రగుడ్డ జరుగుతూనే ఉంది. గాలికి పీలికలైన అంచును లోపలికి మడిచి, గోటితో గీత గీసి, ఫుర్బు మళ్ళీ తొక్కాడు. ఈ టిబెట్ లోయ గాలికి ఏ జెండా అయినా చలికాలం దాటదు. మధ్యాహ్నం బడి హాల్లో సభ. ఆలోగా వీధిలో ప్రతి మిద్దె మీదా చిరుగు లేని చీనా జెండా ఎగరాలని మండలాఫీసు నుంచి కబురొచ్చింది. పొద్దుటి నుంచీ జనం తెచ్చి గుమ్మంలో పడేసి పోతున్నారు.

ఏళ్ళ తరబడి వంగి కుట్టడం వల్ల ఫుర్బు వెన్ను అలాగే ఉండిపోయింది. దారిన నడుస్తున్నా ఒళ్ళో ఏదో గుడ్డ ఉన్నట్టే కనిపిస్తాడు. ఎడమ చూపుడువేలి కొస సూదిపోట్లకు మొద్దుబారి, వేడి కూడా తెలియదు. చిన్నతనంలో తండ్రి పక్కన కూర్చుని మఠంలో భిక్షువులకు బట్టలు కుట్టాడు. మఠం కూల్చిన ఏళ్ళలో సామూహిక పొలాల్లో పనిచేసేవాళ్ళకు నీలం కోట్లు కుట్టాడు. మఠం మళ్ళీ లేచాక మళ్ళీ భిక్షువుల బట్టలు. ఇప్పుడు జెండాలు. ఏ కాలం ఏ గుడ్డ తెచ్చి ఒళ్ళో పడేస్తే దాన్నే కుట్టాడు. ఎవరేమడిగినా “నాకెందుకయ్యా, బట్టలు కుట్టుకునేవాణ్ణి” అనేవాడు. ఊళ్ళో అదే అతని మారుపేరైంది.

వెనక గదిలో దగ్గు వినిపించింది. తమ్ముడు గొన్‌పో గొర్రెతోలు మీద లేచి కూర్చున్నాడు. తల్లి పోయేనాటికి గొన్‌పో ఇంకా పాలు మరవలేదు. వాణ్ణి వీపున కట్టుకునే ఫుర్బు ఆ రోజుల్లో పని చేశాడు. పెరిగి గుర్రాల వ్యాపారం చేసిన ఆ తమ్ముడు, గుర్రప్పందాల మైదానంలో నిండు జనం మధ్య ఒక్క మాట అరిచాడు. ‘స్వతంత్రం’ అని. ఆ ఒక్క మాటకు జైలుకు పోయి, పోయిన చలికాలంలో పళ్ళు సగం పోగొట్టుకుని తిరిగొచ్చాడు.

“లే, వెన్న టీ పోశాను. ఉప్పు తక్కువైతే వేసుకో,” అన్నాడు ఫుర్బు.

“ఇంకెన్నున్నాయన్నా జెండాలు? నీ చేతి కుట్టు మంచిది. అంత గట్టిగా కుడితే ఎప్పటికీ ఊడి రావు.”

ఫుర్బు మిషను చప్పుడు కాస్త పెంచాడు.

అల్లుడు తాన్ వెయ్‌మిన్ వచ్చేసరికి ఎండ గుమ్మం దాకా వచ్చింది. మండలాఫీసులో గుమాస్తా. చీనావాడే అయినా ఈ లోయలోనే పుట్టినవాడు. ఫుర్బు కూతురు దేక్యి అతన్ని కోరి చేసుకుంది. తాన్ తలుపు మూసి వచ్చి, చిన్నమామ గొన్‌పోకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“చిన్నమావయ్యా, ఇవాళ సభలో నిన్ను లేపుతారు. టిబెట్ మాతృదేశంలో విడదీయరాని భాగం అని ఒక్క ముక్క చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటా.”

“నువ్వే చెప్పేసెయ్ అల్లుడూ. నీ నోట బాగుంటుంది.”

“ఎగతాళి కాదు. నువ్వు చెప్పకపోతే దేక్యి పంతులమ్మ ఉద్యోగం ఊడుతుంది. నిన్ను మళ్ళీ పట్టుకుపోతారు. ఈ దగ్గుతో నువ్వు అక్కడ బతుకుతావా?”

గొన్‌పో టీ గుక్కెడు తాగి, పైన తేలిన వెన్నను ఊదుకున్నాడు.

“మా నాన్న ఈ రోడ్డు వేస్తూ కొండ విరిగిపడి చచ్చిపోయాడు,” అన్నాడు తాన్. “ఆయన శవం కూడా మాకు దక్కలేదు. ఆ ఎముకలు ఈ కొండలోనే ఉన్నాయి. ఇంకా నేను పరాయివాణ్ణేనా? రోడ్డు, కరెంటు, ఆసుపత్రి, ఎవరు తెచ్చారు? విడిపోయి ఏం తింటారు?”

“మీ నాన్న ఎముకలతో నాకు తగువు లేదురా. ఆయన్నిక్కడికి తోలినవాళ్ళతోనే. రోడ్డు వేస్తామని వచ్చి ఇల్లు మాదంటే ఎట్లా? విడిపోవడం అంటున్నావు. ఎప్పుడు కలిశామని?”

“చరిత్ర నీకొక్కడికే తెలుసా? ఎన్ని వందల ఏళ్ళ నుంచి...”

“మీ చరిత్ర మీరు రాసుకున్నది. మాది మా తాతలు చెప్పింది.”

“మెల్లగా,” అన్నాడు ఫుర్బు. అతని పాదం ఆగిపోయింది. చప్పుడు లేకపోతే మాటలు వీధిలోకి పోతాయని మళ్ళీ తొక్కాడు, కింద గుడ్డ లేకుండానే. “సరిహద్దవతల ఉన్న మన పెద్ద లామాయే విడిపోనక్కర్లేదంటున్నాడట కదరా. మన భాష, మన గుడి మనకుంటే చాలనీ...”

“ఆయన దయగలవాడన్నా. నేనంత మంచివాణ్ణి కాదు.”

తాన్ లేచాడు. తలుపు దగ్గర ఆగి, “నాకు మీరిద్దరూ కావాలి మావయ్యా. ఎట్లా చెబితే వింటాడో నువ్వు చెప్పు,” అని వెళ్ళిపోయాడు.

బడి హాలు పిల్లల బెంచీలతో ఇరుకుగా ఉంది. అన్నదమ్ములు గోడవార కూర్చున్నారు. వేదిక మీద పై ఊరి అధికారి, పక్కన మైకు ముందు తాన్. తాన్ ఒక్కో పేరూ పిలుస్తుంటే ఇంటికొకరు లేచి ఆ వాక్యం చెప్పి కూర్చుంటున్నారు. కొందరు గట్టిగా, కొందరు గొణుగుతూ. మూడు వరసల ముందు దేక్యి పిల్లల మధ్య బిర్రబిగుసుకుని ఉంది.

పక్కింటి పేరు వచ్చింది. తర్వాత గొన్‌పో పేరు రావాలి. తాన్ గుక్క తిప్పుకోకుండా ఎదురింటి పేరు పిలిచాడు. కావాలనే దాటేశాడని ఫుర్బుకు అర్థమైంది.

“ఒకరిని వదిలేశావు,” అన్నాడు అధికారి, తల ఎత్తకుండానే.

తాన్ గొన్‌పో పేరు మెల్లగా పలికాడు.

గొన్‌పో కదిలేలోపే ఫుర్బు లేచాడు. లేచినా వెన్ను నిటారుగా నిలవలేదు. ముందు బెంచీ పట్టుకున్నాడు. “మా వాడికి దగ్గు. మాట రాదు. మా ఇంటి తరఫున నేను చెబుతా,” అని ఆ వాక్యం చెప్పాడు. టిబెట్ మాతృదేశంలో విడదీయరాని భాగమని. ఈ గొడవలో అతను నలుగురి ముందు ఏ మాటైనా పలకడం అదే మొదటిసారి. నోట్లో సూదులు పెట్టుకుని మాట్లాడినట్టుంది. ఎవరో చప్పట్లు కొట్టారు.

అధికారి తల ఎత్తాడు. “పెద్దాయనా, నీ మాట సరే. అతని మాట?”

గొన్‌పో లేచి అన్న భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. అతని గొంతులో కోపం లేదు. “అది మా అన్న మాట. నా మీద ప్రేమతో చెప్పాడు. నా మాట మైదానంలోనే చెప్పాను. అది మారలేదు.”

తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు పోలీసు మనుషులు గోడ పక్కగా నడిచి వచ్చారు. వాళ్ళలో ఒకడు మర్యాదగానే మోచెయ్యి పట్టుకున్నాడు. గొన్‌పో వంగి, “అన్నా, పొయ్యి మీద కుండ దించలేదేమో, చూసుకో,” అన్నాడు. బెంచీల సందులోంచి నడిచి, పక్క తలుపు గుండా బయటికి పోయాడు. దేక్యి వెనక్కి తిరగలేదు. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి.

“తర్వాత,” అన్నాడు అధికారి.

తాన్ పక్క తలుపు వైపు ఒకసారి చూసి, తర్వాతి పేరు పిలిచాడు. ఎవరో లేచారు, చెప్పారు, కూర్చున్నారు. ఫుర్బు గోడ వైపు జరగబోయి ఆగాడు. బెంచీ మీద, గొన్‌పో కూర్చున్న చోట, నక్కతోలు టోపీ బోర్లాపడి ఉంది. దాని అంచున చెమట తడి ఇంకా ఆరలేదు.