రిబ్కా పొట్ట ఆపరేషను

ఆ రోజు గొడవ తడి తువ్వాలు దగ్గర మొదలైంది. రిబ్కా మొగుడు యేసుదాసు స్నానం చేసి వచ్చి దాన్ని కుర్చీ మీద పడేశాడు. ఆ కుర్చీలో ఆమె దిద్దిపెట్టిన ఏడో తరగతి పిల్లల నోటుపుస్తకాలున్నాయి. పై పుస్తకంలో ఎర్రసిరా అలుక్కుపోయి మార్కులు కనబడకుండా పోయాయి. పెరట్లో దండెం కట్టింది దేనికని ఆమె అడిగింది. చూసుకోలేదన్నాడు. పదిహేనేళ్లుగా చూసుకోవడం లేదంది.

పక్కింటి నాగేశ్వరమ్మ గోడ మీద నుంచి తొంగిచూసి, "ఇట్టాంటప్పుడు అంత కోపం పనికిరాదు టీచరమ్మా. కడుపులో బిడ్డకి మంచిది కాదు" అంది.

కడుపులో బిడ్డ లేదు. ఆఖరివాడికి ఎనిమిదేళ్లు నిండాయి. వాడితోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ అయిపోయింది. ముగ్గుర్ని మోసిన పొట్ట మాత్రం వెనక్కి పోక సంచిలా వేలాడుతోంది. రిబ్కా రాత్రిపూట అన్నం మానేసింది. స్కూలుకి నడిచే వెళ్లింది. చేతులు చిక్కాయి, మొహం పీక్కుపోయింది, పొట్ట పొట్టలాగే ఉంది. గంపలగూడెం బస్సులో ముసలాళ్లు లేచి సీటిచ్చేవాళ్లు. కాదంటే, దిష్టికి భయపడి దాస్తోందనుకునేవాళ్లు. పోయిన శుక్రవారం స్త్రీల కూడికలో పాస్టరమ్మ ఆమె పేరెత్తి మరీ సుఖప్రసవం కోసం ప్రార్థించింది. అందరూ ఆమెన్ అన్నారు. ప్రార్థన మధ్యలో లేచి కాదని ఎలా చెప్పాలో బి.ఏ.లో ఎవరూ నేర్పలేదు.

మద్రాసులో పొట్ట కొవ్వు కోసి తీసే డాక్టరున్నాడని స్నేహితురాలు ప్రేమావతి రాస్తే, క్రిస్మస్ సెలవుల్లో వెళ్లి చూపించుకొచ్చింది. అప్పట్నుంచీ ఇంట్లో ఇదే రభస. యేసుదాసు దృష్టిలో అది పాల మీద మీగడ తీయడం లాంటిది. సోమవారం వెళితే శుక్రవారానికి సన్నజాజి తీగలా దిగాలి. అత్తగారు మేరమ్మకి, దేవుడిచ్చిన ఒంటిని కోయించుకోవడమే తప్పు. డాక్టరు చెప్పినదంతా ఇద్దరికీ నాలుగుసార్లు చెప్పింది రిబ్కా. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత. చెడునీరు పోవడానికి రబ్బరు గొట్టం. పది రోజులు ముందుకి వంగే నడవాలి, నిటారుగా నిలబడితే కుట్లు లాగుతాయి. ఆరు వారాలు బిందె ఎత్తకూడదు. మచ్చ జన్మంతా ఉంటుంది. పొట్ట మీద కొంతమేర చెయ్యి వేస్తే తెలియకపోవచ్చు. తగ్గే బరువు మహా అయితే మూడు కిలోలు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక భోజనాల దగ్గర మళ్లీ అదే మాట. మూడు కిలోలకి ఇంత అవసరమా అన్నాడు యేసుదాసు. మేరమ్మ చారు పోస్తూ, దేవుడి సంగతి పక్కన పెట్టి, ఆరు వారాలు నీళ్లెవరు మోస్తారని అడిగింది.

ఓహో, ఇదా సంగతి అనుకుంది రిబ్కా.

"మూడు కిలోల కోసం కాదండి" అంది. "ఇవాళ చర్చి మెట్ల మీదే ఇద్దరు ఎన్నో నెలని అడిగారు. లేని బిడ్డకి ఎనిమిదేళ్లుగా జవాబు చెబుతున్నాను. ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడే మద్రాసు వెళ్తున్నాను. వస్తానని డాక్టరుకి నిన్ననే ఉత్తరం వేశాను. మళ్లీ బడి తెరిచేదాకా బావి నీళ్లు మీరు తోడాలి."

యేసుదాసు తల్లి వంక చూశాడు.

"అత్తయ్య తోడలేరు. ఆవిడకి నడుం నొప్పి" అని రిబ్కా అతని కంచంలో మజ్జిగ పోసింది.